విక్రమ్ ప్రథమ వర్ధంతి

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ చెప్పుకుంటూ పోతే మీకు ఓపిక చాలదు, నాకు పరువు చాలదు. కాబట్టి ఒక్కటే చెప్తాను. ఒకే ఒక్క తెలుగు మాటకు అర్థం తెలియక, మన్సూరాబాద్‌లో ఒక బిల్డింగు మొత్తాన్ని ఏడిపించాను. ఏడిపించడమంటే ఆటపట్టించడం అనుకునేరు. నిజంగానే. కొంగులు తడిశాయి, కళ్లజోళ్లు తుడుచుకున్నారు, ఓనరుగారు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లతో ఉండిపోయారు. ఇంత ఘనకార్యం చేసినవాణ్ణి ఇంకా అదే ఇంట్లో ఉండనిస్తున్నారంటే అది వాళ్ల మంచితనం.

అప్పటికి నాకింకా ముప్పై నిండలేదు. మాది కాకినాడ పక్క. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, ఇప్పటికీ అదే చెప్తున్నాను. పొద్దున్నే ఎల్బీ నగర్లో మెట్రో ఎక్కి వెళ్లడం, హాలు నిండా ఉన్న పిల్లలకు మైకులో గొంతు పోయేదాకా అరవడం, సాయంత్రం మళ్లీ మెట్రో. మైకు కట్టేశాక నాతో మాట్లాడే ప్రాణి ఉండేది కాదు. పిల్లలు అప్పుడప్పుడు వచ్చి "సార్, ఇది ఎగ్జామ్‌ల వస్తదా?" అని అడిగేవాళ్లు. వస్తుందంటే రాసుకునేవాళ్లు, రాదంటే వెళ్లిపోయేవాళ్లు. దాన్ని కూడా సంభాషణ కిందే లెక్కేసుకునే స్థితిలో ఉండేవాణ్ణి.

నా గది మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన. టులెట్ బోర్డు మీద దాన్ని పెంట్‌హౌస్ అన్నారు. కింద ఓనరు యాదగిరిగారు, ఆయన భార్య సత్తెమ్మగారు ఉండేవాళ్లు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. రెండో అంతస్తులో గుడివాడ నుంచి వచ్చి స్థిరపడిన ప్రసాదరావుగారు, ఆయన భార్య. గది ఇచ్చేటప్పుడే యాదగిరిగారు తేల్చి చెప్పేశారు. "బ్యాచిలర్లకు ఇయ్యం. నువ్వు సారువని ఇస్తున్న. ఎవ్వరు రావొద్దు, సప్పుడు కావొద్దు." ఎవ్వరూ రాలేదు, చప్పుడూ కాలేదు. షరతును నా అంత శ్రద్ధగా పాటించిన కిరాయిదారు హైదరాబాదు మొత్తం వెతికినా దొరకడు.

ఇలాంటి ఒంటికాయ శొంఠికొమ్ముకు ఒక పిచ్చి ఉండేది. అందరికీ ఉగాది, దసరా ఉంటే నాకు అంతరిక్షం పండగలు ఉండేవి. అక్టోబరు నాలుగు మొదటి ఉపగ్రహం ఎగిరిన రోజు. ఏప్రిల్ పన్నెండు మనిషి మొదటిసారి భూమి దాటిన రోజు. జులై ఇరవై చంద్రుడి మీద కాలు మోపిన రోజు. ఆ రోజుల్లో మెట్రో దిగి, స్టేషను పక్కన మిఠాయి కొట్టుకి వెళ్లేవాణ్ణి.

"ఏం విశేషం సార్?"

"ఇవాళ మొదటి ఉపగ్రహం ఎగిరిన రోజండి."

"మంచిది సార్. పావు కిలోనా?"

ఆ పావు కిలో మైసూర్‌పాకు గదికి తెచ్చుకుని ఒక్కణ్ణే తినేవాణ్ణి. మిగిలింది చీమలు పంచుకునేవి. జులై ఇరవైన మాత్రం ఒక ముక్క తీసి విడిగా పెట్టేవాణ్ణి. ఇద్దరు చంద్రుడి మీద నడుస్తుంటే, మూడో ఆయన పైన ఓడలో ఒక్కడే చుట్టూ తిరుగుతూ కూర్చున్నాడు కదా, ఆ ముక్క ఆయనది. నవ్వండి, ఫరవాలేదు. నాకిప్పుడు నవ్వే వస్తుంది, అప్పుడు వచ్చేది కాదు.

ఇక చంద్రయాన్ సంగతి. మన విక్రమ్ చంద్రుడి మీద దిగిన సాయంత్రం మీకు గుర్తుండే ఉంటుంది. విక్రమ్ అంటే ఆ దిగిన యంత్రం పేరు. ఇదొక్కటి గట్టిగా గుర్తు పెట్టుకోండి, మా బిల్డింగువాళ్లలా మోసపోవద్దు. అది దిగిన క్షణాన అన్ని ఇళ్లలో టీవీలు ఒక్కసారే కేకేశాయి. నేను గదిలో ఉండలేక మెట్లు దిగి వచ్చాను. తలుపులన్నీ వేసి ఉన్నాయి, సంబరమంతా లోపల ఉంది. ఎవరో ఒకరు బయటికొస్తారని మెట్ల మీద నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాను. ప్రసాదరావుగారి భార్య తలుపు తీసి, "దోమలు ఎక్కువగా ఉన్నాయా అండీ?" అని అడిగి మళ్లీ వేసుకున్నారు.

ఆ మెట్ల మీదే ఒట్టు పెట్టుకున్నాను. వచ్చే ఏడు ఇదే రోజున ఈ జనాన్నంతా మేడ మీదికి రప్పిస్తాను, ఈ పండగ మాత్రం ఒక్కణ్ణే చేసుకోను అని.

ఏడాది తిరిగింది. ఫ్లెక్సీ వేయించి గేటుకు కడదామనుకున్నాను. అక్కడే వచ్చింది తంటా. యానివర్సరీని తెలుగులో ఏమంటారు? నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. తెలుగులో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాణ్ణి. అయినా ఫిజిక్స్ బుర్ర కదా, తర్కంతో తేల్చేద్దామని కూర్చున్నాను. పెళ్లికైతే పెళ్లిరోజు. వార్షికోత్సవం అంటే బళ్లో పిల్లలు డాన్సులు చేసేది, నేను కూడా ఒకసారి చెట్టు వేషం వేశాను, కాబట్టి అది కాదు. జయంతి పుట్టినవాళ్లకు. విక్రమ్ ఆ రోజు పుట్టలేదు, దిగాడు. ఇక మిగిలింది వర్ధంతి. ఆ మాటలోనే ఉంది కదా, వర్ధిల్లడం, వర్ధమానం, అభివృద్ధి. పైగా కూడళ్లలో చూసేవాణ్ణి. పెద్దమనిషి నవ్వుతున్న ఫొటో, పూలదండ, మైకులో పాటలు, పక్కన భోజనాలు. పైన వర్ధంతి అని ఉండేది. అంత సందడి చూసి చావు అని ఎవడనుకుంటాడు?

ఎవర్నైనా అడగొచ్చు కదా అంటారు. ఎవర్ని? అడగడానికి ఒక మనిషి ఉంటే ఈ ఫ్లెక్సీయే వేయించేవాణ్ణి కాదు. ఫోన్లో చూసుకోవచ్చు కదా అంటారు. అనుమానం ఉన్నవాడు చూసుకుంటాడు. నాకు ఆవగింజంత అనుమానం కూడా లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్లెక్సీ షాపుకి వెళ్లి, "విక్రమ్ ప్రథమ వర్ధంతి" అని చెప్పాను.

షాపాయన గొంతు తగ్గించాడు. "ఫొటో తెచ్చిండ్రా సార్?"

"సరైనది లేదండి. అన్నీ దూరం నుంచి తీసినవే. ఒక చందమామ బొమ్మ పెట్టండి చాలు."

"ఎన్నేండ్లు సార్?"

"ఏళ్లెక్కడివండి. అక్కడికి చేరాక రెండు వారాలే ఉన్నాడు. అంతకుమించి ఉండడని ముందే చెప్పారు."

ఆయన మౌస్ వదిలేసి నా వంక చూశాడు. "ముందే చెప్పిండ్రా?"

"చెప్పారండి. అయినా మళ్లీ లేస్తాడేమోనని మనకు ఆశ ఉంటుంది కదా."

"ఉంటది సార్, ఎందుకుండదు," అని నాకు టీ తెప్పించాడు. ఫ్లెక్సీ షాపాయన టీ తెప్పించాడంటేనే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఆయనే శ్రద్ధగా అటూ ఇటూ రెండు దీపాలు, పైన తెల్ల పావురాలు పెట్టాడు. శాంతియుత అంతరిక్ష పరిశోధన అన్నమాట, ఎంత చక్కటి ఆలోచన అనుకున్నాను. కింద వాక్యాలు నావే. "భూమిని విడిచి చందమామను చేరి నేటికి ఏడాది. నువ్వు మా గర్వం. సాయంత్రం ఆరు గంటలకు అందరూ మేడ మీదికి రావాలి. ఇట్లు, భాస్కర్."

పొద్దున్నే గేటుకు కట్టాను. స్నానం చేసి కిందికి దిగేసరికి యాదగిరిగారు ఫ్లెక్సీ ముందు నిలబడి ఉన్నారు. నన్ను చూసి చేతిలో టీ గ్లాసు గోడ మీద పెట్టేశారు. ఏడాదిగా ఆయన నాతో మాట్లాడింది నీళ్ల మోటారు గురించే.

"ఏంది బిడ్డా, మాకు ఒక్క మాట చెప్పకపోతివి," అన్నారు.

"చెప్దామనే ఫ్లెక్సీ కట్టానండి."

"పోయి ఏడాదాయెనా?"

"సరిగ్గా ఏడాదండి."

"ఎట్ల పోయిండు?"

ఇంత ఆసక్తిగా అడిగేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. "చాలా బాగా వెళ్లాడండి. దారిలో ఏ ఇబ్బందీ లేదు. ఆఖర్లో మాత్రం అందరం ఊపిరి బిగబట్టుకుని చూశాం."

"ఆఖర్ల అట్లనే ఉంటది బిడ్డా. నువ్వు దగ్గర్నే ఉన్నవా?"

"లేదండి, ఇక్కడే పైన గదిలో ఉన్నాను. ఫోన్లో చూశాను."

ఆయన కళ్లు మూసుకున్నారు. "దగ్గర లేకపోతివి. ఫోన్లనే చూస్తివి." ఆ మాట రెండుసార్లు అనుకుని, నా భుజం పట్టుకుని, "దిల్ చిన్నగ చేసుకోకు. సాయంత్రం మేమందరం వస్తం," అన్నారు. సైన్సంటే ఇంత ప్రేమ ఉన్న మనిషిని కింద ఇంట్లో పెట్టుకుని ఏడాది వృథా చేశానే అని నన్ను నేనే తిట్టుకుంటూ మెట్రో ఎక్కాను. ఆ రోజు క్లాసులో పిల్లలు "సార్, ఇయ్యాల మస్తు ఖుషీగున్నరు," అన్నారు.

సాయంత్రం తొందరగా వచ్చి, మేడంతా మూడు రంగుల బెలూన్లు కట్టాను. చందమామ బొమ్మ వేయించిన కేకు, సమోసాలు, ఎక్కడెక్కడివో అడిగి తెచ్చిన కుర్చీలు. ఆరు కాకముందే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. యాదగిరిగారు తెల్లచొక్కా, తెల్లపంచె. సత్తెమ్మగారి చేతిలో బంతిపూల దండ, అగరొత్తులు. ప్రసాదరావుగారు, ఆయన భార్య అరటిపళ్లతో వచ్చారు. వెనక మిగతా ఇళ్లవాళ్లు, పక్క బిల్డింగువాళ్లు కూడా. అందరూ చెప్పులు విప్పి తలలు వంచుకుని వస్తున్నారు. నేను నోరంతా తెరిచి నవ్వుతూ "రండి, రండి," అంటున్నాను. ఆ నవ్వు చూసి ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

సత్తెమ్మగారు బెలూన్ల వంక చూసి పక్కావిడతో, "చిన్న పిల్లగాడు గావొచ్చు. బెలూన్లంటే పానమేమో," అనడం నాకు వినపడింది. ఎవరి పిల్లాడి గురించో అనుకున్నాను.

"ఫొటో ఏది బిడ్డా? దండెయ్యాలె," అన్నారావిడ.

"ఫొటో లేదండి," అన్నాను. ఆవిడ దండ అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

ప్రసాదరావుగారు నన్ను ట్యాంకు పక్కకు తీసుకెళ్లారు. "ఏమనుకోకండి భాస్కర్ గారూ. మీకు పెళ్లి కాలేదన్నారు కదా, అందుకని అడుగుతున్నాను. బాబు మీకేమవుతాడు? అన్నయ్యగారి అబ్బాయా?"

"ఏ బాబండి?"

"అదేనండి, విక్రమ్. వర్ధంతి అని రాశారు కదా. పోయిన రోజున ఇలా అందర్నీ పిలిచి తలుచుకోవడం మంచిదేలెండి."

ఫ్లెక్సీ షాపు నుంచి జరిగిందంతా వెనక్కి చూసుకున్నాను. టీ, పావురాలు, ఎట్ల పోయిండు, ఫోన్లనే చూస్తివి. "పోయిన రోజా? వర్ధిల్లడం కాదా?" అని నోట్లోనే గొణిగాను.

"వర్ధిల్లాల్సినవాడే పాపం," అని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఇప్పుడు మీరు అడుగుతారు, అక్కడే, అప్పుడే చెప్పేసి ఉండొచ్చు కదా అని. చెప్దామనే ఇటు తిరిగాను. సత్తెమ్మగారు నా చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేశారు. "ఏడాదిసంది గింత దుక్కం పెట్టుకొని పైన ఒక్కనివే ఎట్లుంటివి కొడుకా? ఎవరితోని మాట్లాడకుంట పోతాంటే పొగరనుకున్న నేను."

నాతో ఎవరూ మాట్లాడరని నేను, ఎవరితోనూ మాట్లాడనని వాళ్లు. ఒకే మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ ఏడాది గడిపేశాం.

ఆవిడ చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. నా వీపు మీద ఒక మనిషి చెయ్యి పడి ఎన్నాళ్లయిందో గుర్తు తెచ్చుకోబోయాను, గుర్తు రాలేదు. నిజం చెప్తే ఆ చెయ్యి తీసేస్తారు. వీళ్లంతా లేచి వెళ్లిపోతారు, మళ్లీ నేనూ ట్యాంకూ మిగులుతాం. చెప్పలేకపోయాను.

"రెండు మాటలు మాట్లాడు బిడ్డా. మనసు తేలికైతది," అన్నారు యాదగిరిగారు.

అబద్ధం మాత్రం ఆడకూడదనుకున్నాను. లేచి నిలబడ్డాను. ఒట్టేసి చెప్తున్నాను, నేనన్న ప్రతి మాటా నిజం.

"విక్రమ్ వెళ్లింది చాలా దూరం. అంతకుముందు అక్కడికి ఎవరూ వెళ్లలేదు. ఒక చిన్నవాణ్ణి కూడా వెంట తీసుకెళ్లాడు."

"ఇద్దరా? అయ్యో తల్లీ," అని సత్తెమ్మగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. మీకు మాత్రం చెప్పాలి, ఆ చిన్నవాడు విక్రమ్ లోపల్నుంచి దిగి అటూ ఇటూ తిరిగిన చక్రాల బండి.

"అప్పజెప్పిన పనంతా చేశారు. అక్కడి రాత్రి మన రాత్రిలాంటిది కాదు. ఒకసారి పడిందంటే రెండు వారాలు తెల్లారదు, ఎముకలు కొరికే చలి. చీకటి పడకముందే ఇద్దర్నీ నిద్రపుచ్చారు. తెల్లారాక పిలిచారు. మళ్లీ మళ్లీ పిలిచారు. పలకలేదు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. వచ్చి పలకరించేవాళ్లు కూడా ఎవరూ లేరు."

నేను చెప్తున్నది విక్రమ్ గురించేనా అని నాకే అనుమానం వచ్చింది. చూస్తుండగానే నేను కూడా ఏడుస్తున్నాను, నటన కాదు. మేడంతా వెక్కిళ్లు. ఆ వెక్కిళ్ల మధ్య సత్తెమ్మగారు కళ్లు తుడుచుకుంటూ అడిగారు.

"ఇంతకు యాడ పండబెట్టిండ్రు బిడ్డా? ఏ ఊర్ల?"

ఇక దాటవేయడానికి మాట దొరకలేదు. "ఊరు కాదండి. చంద్రుడి మీద," అన్నాను.

అందరూ తలెత్తి చూశారు. చంద్రుడు లేడు. ఆ రోజు భోజనాల వేళ దాటితే గాని రాడు. ఫిజిక్స్ మాస్టారై ఉండి అది కూడా చూసుకోలేదు నేను.

"చంద్రుని మీదనా?" అన్నారు యాదగిరిగారు.

"చంద్రయాన్ అండి. పోయినేడు ఇదే రోజున దిగింది కదా. ఆ యంత్రం పేరు విక్రమ్."

యాదగిరిగారు కుర్చీలోంచి లేచారు.

"మిషినా? మిషిన్ కోసం పొద్దటిసంది ముద్ద ముట్టలేదు నేను," అన్నారు యాదగిరిగారు.

"నేను ఆఫీసుకి సెలవు పెట్టానండి," అన్నారు ప్రసాదరావుగారు. "అయినా వర్ధంతి అని ఎలా రాశావయ్యా?" అప్పటిదాకా ఉన్న 'అండి' ఎగిరిపోయింది.

"వర్ధిల్లడమేమోనని అనుకున్నానండి."

వెనకెక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో తిట్టారు. కొందరు లేచి, మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. నేను వాళ్ల కాళ్ల వంకే చూస్తూ నిలబడ్డాను. ఒక్కో జత వెళ్లిపోతుంటే లెక్కపెట్టాను.

సత్తెమ్మగారు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "జర ఆగుండ్రి," అన్నారు. "మిషినే గావొచ్చు. మిషిన్ ఏడుస్తలేదు గద. ఏడ్సెటోడు ఈడ నిలబడ్డడు. కూసోండ్రి అందరు."

యాదగిరిగారు భార్య వంక చూశారు, నా మొహం చూశారు, కూర్చున్నారు. ఓనరు కూర్చున్నాక మిగతావాళ్లు చెప్పులు మళ్లీ విప్పారు.

"గా డబ్బల ఏమున్నది?" అన్నారు సత్తెమ్మగారు.

"కేకండి."

"వర్ధంతికి కేకు తెచ్చిన మొగోన్ని నిన్నే చూస్తున్న. కొయ్యి, ఈయన పొద్దటిసంది ఉపాసమున్నడు."

కోశాను. దండ వృథా పోకూడదని దాన్ని నీళ్ల ట్యాంకుకు వేశారు. యాదగిరిగారు కేకు తింటూ, సమోసాలు తింటూ, విక్రమ్ అంత దూరం పోవడానికి డీజిల్ ఎంత పట్టిందని అడిగారు. చంద్రుడు పైకి వచ్చేదాకా ఎవరూ కిందికి దిగలేదు. వచ్చాక ప్రసాదరావుగారి భార్య అటు చూసి, "పాపం, అక్కడేనా ఉన్నాడు," అన్నారు. ఎవరూ నవ్వలేదు.

అప్పట్నుంచి మన్సూరాబాద్‌లో నా పేరు వర్ధంతి సార్. కూరగాయల బండి దగ్గర కూడా అదే పేరు. పొద్దున నేను దిగేసరికి సత్తెమ్మగారు "సారూ, తిన్నవా?" అని పిలుస్తారు. పలకకపోతే ఒప్పుకోరు, పలికేదాకా పిలుస్తారు. అయినా కొన్ని ఆదివారాలు ఇంకా పొడుగ్గానే ఉంటాయి, ఎందుకు దాచడం.

కాబట్టి పాఠకులారా, చంద్రుడి సాక్షిగా, ఆయన మీద ఉన్న విక్రమ్ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నిఘంటువు చూడకుండా ఈ జన్మలో ఫ్లెక్సీ వేయించను. బతికున్నవాడికి గాని, బతకని యంత్రానికి గాని సంస్మరణ సభ పెట్టను. మనుషులు కావాలనిపిస్తే తిన్నగా మెట్లు దిగి, తలుపు కొట్టి, "ఊరికే వచ్చానండి," అంటాను.

మొన్న ఆదివారం అలాగే వెళ్లి, యాదగిరిగారి తలుపు కొట్టి, "ఊరికే వచ్చానండి," అన్నాను. ఆయన నా మొహం ఒకసారి తేరిపార చూసి, లోపలికి తిరిగి, "సత్తెమ్మా, మల్ల ఎవరో పోయిండ్రు. దండ తేవాలె," అన్నారు.